ఒకే మనిషికి రెండు క్యాన్సర్లు: రెండో గడ్డకూ బయాప్సీ ఎందుకు?

రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు సమాచారం

క్యాన్సర్ ఉన్నవారికి ఇంకోచోట మచ్చో గడ్డో కనిపిస్తే ఇంట్లో అనే మొదటి మాట "పాకింది" అని. చాలాసార్లు అది నిజమే. ప్రతిసారీ కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు క్యాన్సర్లు ఒకే మనిషికి రావచ్చు.

ఉదాహరణకు, ఏళ్ల తరబడి గుట్కా, బీడీ అలవాటున్న వ్యక్తికి బుగ్గ లోపల పుండు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. స్కాన్‌లో ఊపిరితిత్తిలోనూ మచ్చ ఉంది. నోటిదే పాకిందనుకుంటే అది నాలుగో దశ. పూర్తిగా నయం చేసే ఆశ చాలావరకు పోయినట్టే. అదే మచ్చ విడిగా పుట్టిన చిన్న ఊపిరితిత్తి క్యాన్సర్ అయితే రెండింటినీ నయం చేసే వీలుంటుంది. అసలు అది టీబీ కూడా కావచ్చు! పెట్ స్కాన్‌లో టీబీ కూడా క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. అందుకే ఆ మచ్చకూ సూది బయాప్సీ అవసరమా అని డాక్టరుగారిని అడగండి, మొహమాటపడకండి. కొన్నిసార్లు రెండు ముక్కలూ మైక్రోస్కోపులో ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు పాత బయాప్సీ బ్లాకులు, స్లైడ్లతో పోల్చి చూడాలి. వాటిని పారేయొద్దు.

పొగాకు నోటితో ఆగదు. గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తి అన్నింటినీ దెబ్బతీస్తుంది. నోటి క్యాన్సర్‌కి వెళ్తే గొంతులోకి గొట్టం వేసి చూస్తామంటారు, వద్దనకండి. ఆడవాళ్లలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు రెండూ వస్తే వంశంలో వచ్చే బీఆర్‌సీఏ జన్యులోపం ఉందేమో చూస్తారు. ఉంటే అక్కచెల్లెళ్లకూ, పిల్లలకూ చెప్పాలి.

చికిత్సలో ఏది ముందు? సాధారణంగా ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉన్నది. సర్జన్, కీమో, రేడియేషన్ డాక్టర్లు కలిసి కూర్చుని నిర్ణయించడం మేలు. పాత చికిత్స వివరాలు ఇక్కడ చాలా ముఖ్యం. డాక్సోరుబిసిన్ లాంటి మందుకు గుండె దృష్ట్యా జీవితకాల పరిమితి ఉంది. ఒకసారి రేడియేషన్ పడిన చోట మళ్లీ ఇవ్వడమూ అంత తేలిక కాదు.

పథకం సంగతి: మొదటి జబ్బుకు వచ్చిన అనుమతి రెండోదానికి సరిపోదు. కొత్త బయాప్సీ రిపోర్టుతో ఆస్పత్రివాళ్లు విడిగా అనుమతికి పంపాలి. ఏడాదికి 10 లక్షల రూపాయల పరిమితి కుటుంబం మొత్తానిది కాబట్టి, ఎంత మిగిలిందో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. డిశ్చార్జి కాగితాలు, బయాప్సీ రిపోర్టులు, రేడియేషన్ వివరాల కాగితం వెంట తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫొటోలు కూడా ఉంచుకోండి. సందేహాలుంటే 104కి ఫోన్ చేయండి.