పండ్ల మొక్కలకు వరిగడ్డి రక్షణ

కొత్తగూడ ప్రాంతమున వరి కోసిన పిదప గడ్డి పశువులకు పోగా కొంత మిగులును. మొక్కజొన్న చొప్ప చేలలోనే యుండిపోవును. దానికి నిప్పు పెట్టుట కొందరికి అలవాటు. ఆ గడ్డియే మామిడి, జామ, నిమ్మ మొక్కలను లేతప్రాయమున కాపాడగలదని మనము గుర్తింపవలెను.

కాడ్మియము, సీసము వంటి భార లోహములు మట్టిలో చేరు టెట్లు? ముఖ్యముగా కర్మాగారముల మురుగు నీటి వలన. పటాన్‌చెరు కర్మాగారముల వ్యర్థజలము నక్కవాగున పారి పరిసర గ్రామములకు చేసిన చెరుపు మన మెరిగినదే. అట్టి నీరు పారని అడవి పల్లెలకు సైతము పట్టణపు చెత్త ఎరువుతోను, భాస్వరపు ఎరువులతోను ఇవి కొద్దికొద్దిగా రావచ్చును. జపానులో జింజూ నది నీటితో పండిన వరి తిని అనేకులు ఎముకలు పెళుసై బాధపడిరి. గని నుండి వచ్చిన కాడ్మియమే అందుకు కారణమని ఆ ప్రభుత్వము 1968లో ప్రకటించినది.

లేత వేళ్ళు నీటిలో కరిగిన లోహమును పీల్చును. బాగుగా చివికిన గడ్డిలోని నల్లని సేంద్రియ పదార్థము ఆ లోహమును పట్టి యుంచును. వేరునకు అందు పాలు తగ్గును.

అయితే చివుకని గడ్డిని మట్టిలో కలుపరాదు. అది చివుకునపుడు సూక్ష్మజీవులు నత్రజనిని వాడుకొనుటచే మొక్క పాలిపోవును. అప్పుడు పుట్టు కొన్ని ద్రవ్యములు లోహమును మరింత కరిగించుటయు కలదు.

కావున గడ్డిని జానెడు ముక్కలుగా నరికి, గుంతలో పొరలుగా పేర్చి, పేడనీళ్ళు చల్లి, తడి ఆరకుండ మూడు నాలుగు నెలలు మాగనీయవలెను. నడుమ రెండుసార్లు తిరుగవేయవలెను. వేడి తగ్గి, నల్లబడి, మట్టివాసన వచ్చినచో ఎరువు సిద్ధమైనట్లే. రెండు పాళ్ళు ఎఱ్ఱమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఈ ఎరువు కలిపి సంచులు నింపవలెను. మొక్క నాటిన పిదప పాదులో ఎండుగడ్డి పైపైన పరచవచ్చును. చెదలు పట్టకుండ మొదలుకు బెత్తెడు ఎడముంచవలెను.

ఒక హెచ్చరిక. లోహము చివుకునది కాదు. గడ్డి దానిని పట్టియుంచునే గాని తొలగింపదు. మురుగు నీటితో పండిన వరిగడ్డిలో గింజలో కంటె ఎక్కువ కాడ్మియము నిలువవచ్చును. అట్టి గడ్డిని తోటకు తేరాదు. పులుపు నేలలలో లోహము సులువుగా కరుగును గనుక పరీక్ష చేయించి తగినంత సున్నము వేయవలెను. 2015లో వచ్చిన భూసార పత్రములోని పన్నెండు అంశములలో కాడ్మియము, సీసము లేవు. అనుమానమున్నచో వాని పరీక్షను ప్రత్యేకముగా కోరవలెను.

మొక్క నాటువారము మనము. పండు తినువారు మన బిడ్డలు. మిగిలిన గడ్డిని కాల్చక మాగవేయుదము.