చీరల పెట్టె మీద అపాస్ట్రఫీ

సూరత్ రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లలో ఒక్క అంతస్తు చుట్టి వస్తే చాలు, ఇంగ్లిష్ బహువచనాన్ని ఎన్ని రకాలుగా రాయవచ్చో తెలిసిపోతుంది. ఒక బోర్డు మీద “సారీస్”, పక్కదాని మీద “సారీ'స్”, ఎదురుగా “మెన్స్' వేర్”. లింబాయత్ చుట్టుపక్కల మన తెలుగు నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో ఎవరైనా సొంత పేరుతో చీరల పెట్టెలు అచ్చు వేయించుకోబోతే డీటీపీ దుకాణంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న: “ఇక్కడ పైన కామా పెట్టాలా, వద్దా?” పెట్టెలు వేలల్లో అచ్చవుతాయి కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లోనే తేల్చుకుని వెళ్లడం మంచిది.

ముందుగా పైన కామాలు, అంటే అపాస్ట్రఫీలు, ఉన్నవన్నీ చెరిపేయండి. పెట్టె మీద, బిల్లు మీద, విజిటింగ్ కార్డు మీద పడాల్సిన ఇంగ్లిష్ మొత్తాన్ని ఒక్క అపాస్ట్రఫీ కూడా లేకుండా కాగితం మీద రాసుకోండి. ఉన్నదాన్ని తీసేయాలంటే మొహమాటం అడ్డొస్తుంది. లేనిచోట కొత్తగా పెట్టాలంటే మాత్రం మనకు మనమే కారణం చెప్పుకోవాలి.

ఇప్పుడు కుదించిన మాటలు వెతకండి. మగ్గం మీద పోగు తెగిన చోటే ముడి పడుతుంది, ఇదీ అంతే. పదహారో శతాబ్దంలో ఫ్రెంచి అలవాటుగా ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఈ గుర్తు పని అక్షరం రాలిపోయిందని చెప్పడమే. “డూ నాట్” కాస్తా “డోంట్” అయినప్పుడు రాలిపోయింది “నాట్”లోని ఓ. కాబట్టి గుర్తు ఎన్‌కూ టీకీ మధ్య పడాలి. చాలామంది డీ, ఓ రాయగానే పెట్టేస్తారు, అక్కడ తెగిందేమీ లేదు. “డోంట్ బ్లీచ్” అని చీర లేబుల్ మీద వేయించేటప్పుడు ఇదొక్కటి చూసుకోండి.

తరువాత బహువచనాలు. వీటికి గుర్తు అక్కర్లేదు. సారీస్, కుర్తీస్, దుపట్టాస్, లెహంగాస్, అన్నిటికీ ఉత్త ఎస్ చాలు. 1990 దశకం అని రాయాలన్నా అంకెల పక్కన ఎస్ ఒక్కటే. ఈ సరుకుల పేర్లన్నీ అచ్చుతో ముగుస్తాయి, పైగా ఇంగ్లిష్‌కు పరాయి మాటలు. నేరుగా ఎస్ తగిలిస్తే పేరు చెడిపోతుందేమోనన్న జంకుతోనే మధ్యలో గుర్తు దూరుస్తారని నా అనుమానం. ఈ జంకు సూరత్‌లో పుట్టింది కాదు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఇంగ్లిష్ ముద్రాపకులే “ఒపేరా” లాంటి అరువు మాటలకు బహువచనంలో అపాస్ట్రఫీ పెట్టేవారు. ఇప్పుడు అది తప్పు. ఇంగ్లండులో కూరగాయల అంగళ్ల బోర్డుల మీద ఇంకా కనిపిస్తుంది కాబట్టి దానికి కూరగాయల వ్యాపారి అపాస్ట్రఫీ అని వెక్కిరింపు పేరు కూడా ఉంది. జాన్ రిచర్డ్స్ అనే పెద్దమనిషి 2001లో అపాస్ట్రఫీ రక్షణకు ఏకంగా ఒక సంఘమే పెట్టారు. 2019లో, 96 ఏళ్ల వయసులో, అజ్ఞానమూ బద్ధకమూ గెలిచాయంటూ దాన్ని మూసేశారు. అంత నిరాశ మనకెందుకు, పెట్టె సరిగ్గా వస్తే చాలు.

అసలు చిక్కంతా “ఎవరిది” అన్న దగ్గరే. 1615లో థామస్ రో ఇంగ్లండు రాయబారిగా సూరత్ రేవులో దిగిన నాటికి ఇంగ్లిష్‌వాళ్లకే ఈ విషయంలో స్థిరమైన పద్ధతి లేదు. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలోనూ ఇలాంటి చోట్ల చాలావరకు గుర్తు కనిపించదు. ఇప్పటి పద్ధతి కుదురుకోవడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. దాన్ని వాడే తీరు ఇది: సొంతదారు పేరును ముందు పూర్తిగా రాయండి, ఆ తరువాతే గుర్తు పెట్టండి. సొంతదారు “మెన్” అయితే అది అప్పటికే బహువచనం, చివర ఎస్ లేదు. కాబట్టి గుర్తు, దాని తరువాత ఎస్: “మెన్'స్”. విమెన్, చిల్డ్రన్ కూడా అంతే. సొంతదారు “లేడీస్” అయితే ఎస్ ముందే ఉంది, దాని తరువాత ఉత్త గుర్తు చాలు. “కిడ్స్”కూ అదే. దుకాణం శ్రీనివాస్‌దైతే పేరు చివరి ఎస్ బహువచనం కాదు. దాని తరువాత గుర్తు, మరో ఎస్ పెట్టవచ్చు, ఉత్త గుర్తుతో సరిపెట్టినా ఒప్పుకుంటారు. ఏదో ఒకటి ఎంచుకుని పెట్టె మీదా బిల్లు మీదా అదే వాడండి. “లేడీస్ టైలర్” అని గుర్తు లేకుండా రాసేవాళ్లదీ తప్పనలేం. అక్కడ లేడీస్ సొంతదారు కాదు, ఏ రకం టైలరో చెప్పే మాట.

రోజులూ సొంతదారులే. సూక్ష్మ, చిన్న సంస్థలకు బాకీ గడువులోపు, అంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, కట్టకపోతే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు కట్టిన ఏడాదికే చెల్లుతుందన్న నిబంధన 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక బిల్లుల మీద గడువు వేయడం మరీ అవసరమైంది. “45 డేస్ క్రెడిట్” అన్నప్పుడు ఎస్ తరువాత గుర్తు పడాలి. అదే “45-డే క్రెడిట్” అని మధ్యలో గీత పెట్టి రాస్తే అపాస్ట్రఫీతో పనే లేదు. నాకైతే ఈ రెండోదే సుఖం.

సర్వనామాలకు మాత్రం ఎంత ఆస్తి ఉన్నా గుర్తు దక్కదు. అవర్స్, హర్స్, దెయిర్స్ అన్నీ బోసిగానే ఉండాలి. ఉత్తరం చివర “యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ”లో గుర్తు పెట్టడం మన బడుల్లో తరతరాలుగా వస్తున్న అలవాటు, దాన్ని వదలండి. “ఇట్స్” దగ్గర ఒక్క పరీక్ష చాలు: “ఇట్ ఈజ్” అనో “ఇట్ హాజ్” అనో విడదీసి చదివితే అర్థం నిలిచిందా, గుర్తు ఉంచండి. నిలవలేదా, తీసేయండి.

ఇక డీటీపీ దుకాణం. ప్రూఫ్‌ను తెర మీద కాదు, కాగితం మీద పెద్దగా తీయించి చూడండి. గుర్తు 9 అంకెలా వంగి ఉండాలి. సంవత్సరాన్ని కుదించి అంకెల ముందు గుర్తు పెట్టినప్పుడు కంప్యూటర్ దాన్ని కొటేషన్ మొదలనుకుని 6లా తిప్పేస్తుంది, దాన్ని చేత్తో మార్పించాలి. వెబ్‌సైటు చిరునామాలో ఈ గుర్తు చెల్లదు. జీఎస్టీ పత్రంలో దుకాణం పేరు “సారీ'స్” అని నమోదై ఉంటే, పత్రం సవరించుకునేదాకా బిల్లు మీద అలాగే ఉంచండి. పెట్టె మీద మాత్రం ఇప్పుడే తీసేయవచ్చు.