రెండు వీధుల పిల్లలు



సెలవుల్లో పిల్లలచేత ఏ పుస్తకం చదివించాలని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఈ వారం అటువంటి నవల ఒకటి మీ ముందుంచుతున్నాం. పేరు ‘ది అవుట్‌సైడర్స్’. రచయిత్రి ఎస్.ఇ. హింటన్. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా నగరం ఆమెది. పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టి, హైస్కూల్లో చదువుతూనే పూర్తిచేసింది. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. మగపిల్లల కొట్లాటల కథ ఆడపిల్ల వ్రాసిందంటే విమర్శకులు తేలికగా చూస్తారని ప్రచురణకర్తలు పేరులో పొడి అక్షరాలే ఉంచారట. ఈ నవల వ్రాస్తున్న ఏడాదే రచనా తరగతిలో ఆమెకు ‘డి’ గ్రేడు వచ్చిందని తానే చెప్పుకున్నది. మార్కుల జాబితా చూసి బెంగపడే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

కథలో రెండు గుంపులున్నాయి. ఊరికి తూర్పున ఉండే పేద పిల్లలు ‘గ్రీజర్లు’. పొడుగు జుట్టుకు జిడ్డుగా నూనె పట్టిస్తారు గనుక ఆ పేరు. పడమటి వైపు కార్లున్న ఇళ్ళ పిల్లలు ‘సోష్‌లు’. చెప్పేవాడు పద్నాలుగేళ్ళ పోనీబాయ్. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయారు. ఇరవయ్యేళ్ళ అన్న డ్యారీ కాలేజీ ఆశ వదులుకొని కూలిపనితో ఇల్లు నడుపుతున్నాడు. నడిపివాడు సోడాపాప్ చదువు మాని పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడు. ముగ్గురూ సరిగా లేరని తెలిస్తే ప్రభుత్వం చిన్నవాళ్ళను వేరే చోటికి పంపేస్తుంది. ఆ భయం డ్యారీ మాట్లాడే ప్రతి మాటలోనూ ఉన్నది. తమ్ముడికి మాత్రం అది కోపంగానే వినిపిస్తుంది.

ఒక రాత్రి పోనీబాయ్ ఆలస్యంగా ఇంటికి వస్తాడు. డ్యారీ చేయి చేసుకుంటాడు. ఆ ఒక్క దెబ్బతో పిల్లవాడు వీధిన పడతాడు. పార్కులో సోష్‌లు అతణ్ణి నీళ్ళతొట్టెలో ముంచుతుంటే, స్నేహితుడు జానీ కాపాడబోయి బాబ్ అనే కుర్రవాణ్ణి కత్తితో పొడిచి చంపుతాడు. ఇద్దరూ పారిపోయి కొండమీద పాడుబడిన దేవాలయంలో దాక్కుంటారు. నాలుగైదు రోజుల తరువాత జానీ లొంగిపోదామని నిర్ణయించుకుంటాడు. ఆ సమయంలోనే దేవాలయానికి నిప్పు అంటుకుంటుంది. లోపల చిక్కుకున్న చిన్నపిల్లలను బయటకు తెచ్చేవాళ్ళు ఊరంతా రౌడీలని పిలిచే ఈ పిల్లలే. జానీ వెన్నెముక విరిగి, ఒళ్ళు కాలి ఆసుపత్రిలో పడతాడు.

ఇక్కడ ఇద్దరు పిల్లలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలసి ఉన్నది. జానీని ఇంట్లో తండ్రి కొడతాడు, తల్లి తిడుతుంది. ఎన్ని రోజులు రాకపోయినా ఎక్కడున్నావని అడిగేవారు లేరు. చనిపోయిన బాబ్‌కు తల్లిదండ్రులు ఎన్నడూ కాదనలేదు. తప్పు చేసి వచ్చినా తప్పు తమదేనన్నారు. ఎవరైనా ఒకసారి గట్టిగా వద్దంటే బాగుండునని అతడు కోరుకున్నాడని స్నేహితుడు ర్యాండీ చెబుతాడు. ఒకరికి అదుపు లేదు, ఒకరికి ఆదరణ లేదు. ఇద్దరూ అదే పార్కుకు చేరారు. మా దృష్టిలో ఈ నవలకు ఆయువుపట్టు ఇదే. కొట్లాటలు పైపై కథ.

చెర్రీ అనే సోష్ అమ్మాయి ఉన్నది. సినిమా దగ్గర పోనీబాయ్‌తో మాట కలుపుతుంది. ఇద్దరూ వేర్వేరు పేటల నుండి ఒకే సూర్యాస్తమయం చూస్తుంటారని తెలుసుకుంటారు. అయినా, బడిలో ఎదురైతే పలకరించకపోవచ్చునని ఆమె ముందే చెప్పేస్తుంది. రచయిత్రి నిజాయితీ ఇక్కడ కనిపిస్తుంది. ఒక్క సాయంత్రం మాటలతో గోడ కూలిందని ఆమె వ్రాయలేదు.

ఇదంతా మన దువ్వాడకు దూరమా? ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమైంది. ఆ నడుమ ఎన్నో ఊళ్ళు లేచిపోయాయి. ఒక ప్రక్క ఉక్కునగరం క్వార్టర్లు, చెట్ల వరుసలు, మైదానాలు. మరో ప్రక్క భూములిచ్చినవారి నిర్వాసిత కాలనీలు. కొన్ని ఇళ్ళకు ఉద్యోగం వచ్చింది, కొన్నింటికి ఆర్-కార్డు కాగితమే మిగిలింది. ‘క్వార్టర్లవాళ్ళు’, ‘కాలనీవాళ్ళు’ అనే మాటలు పెద్దల నోట విన్నాకే పిల్లల నోటికి వస్తాయి. ఉపదేశ తరగతికి వచ్చి, చెప్పులు విడిచేచోట కూడా వేరువేరుగా నిలబడే పిల్లలను గమనించండి. కత్తుల దాకా పోనవసరం లేదు, మొదలు అక్కడే.

నవలలో పెద్ద కొట్లాట జరుగుతుంది. గ్రీజర్లు గెలుస్తారు. ఏమీ మారదు. ఆ రాత్రే జానీ చనిపోతాడు. అతడొక్కణ్ణే ప్రేమించిన డ్యాలీ అది తట్టుకోలేక దుకాణం దోచి, గుండ్లు లేని తుపాకీ పోలీసులకు గురిపెట్టి చస్తాడు. ఈ చావు మరీ నాటకీయంగా ఉందని కొందరంటారు. చిన్న వయసు రచన కదా, కొంత ఒప్పుకోవాలి. ఆడపిల్లల పాత్రలు తక్కువే. సిగరెట్లు, తాగుడు దాచలేదు. అందుచేత ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో పెద్దవాళ్ళు కూడా కలిసి చదవడం మేలు. ఇంగ్లీషు సులభంగానే ఉంటుంది. కాలిఫోర్నియాలో ఒక బడి పిల్లలు, వారి లైబ్రేరియన్ కలిసి ఉత్తరం వ్రాస్తేనే దర్శకుడు కొపోలా దీనిని 1983లో సినిమాగా తీశాడు.

చదివేటప్పుడు ఒకచోట ఆగండి. అన్నదమ్ములిద్దరూ తగవుపడుతుంటే, ఎప్పుడూ నవ్వుతుండే సోడాపాప్ ఇంట్లోనుండి పరుగెత్తిపోతాడు. ఇద్దరూ చెరోవైపు లాగుతుంటే నడుమ తానేమవుతున్నాడో ఎవరూ చూడలేదంటాడు. ఆ పుట పూర్తయ్యాక మన ఇంట్లో సోడాపాప్ ఎవరని పిల్లలను అడగండి. జవాబుకు తొందర పెట్టకండి.

చివర పోనీబాయ్ మార్కులు పడిపోతాయి. మంచి వ్యాసం ఒకటి వ్రాస్తే పై తరగతికి పంపుతానంటాడు మాస్టారు. ఏమి వ్రాయాలో తోచక కూర్చున్న కుర్రవాడికి, జానీ చదివిన పుస్తకంలో అతడు వ్రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. ఆ పిల్లల ప్రాణాలకు తన ప్రాణం తగినదేనని, లోకంలో మంచి ఇంకా ఉన్నదని డ్యాలీకి చెప్పమని అందులో ఉంటుంది. డ్యాలీ అప్పటికే లేడు. పోనీబాయ్ మాస్టారికి ఫోను చేసి, వ్యాసం ఎంత పొడుగైనా ఉండవచ్చునా అని అడుగుతాడు. తరువాత కలం తీసి మొదటి వాక్యం వ్రాస్తాడు. నవల మొదలైన వాక్యం అదే.