సభలో మన మాట ఎవరు అడుగుతరు?

మన బెల్లంపల్లి శాసనసభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు, పక్కనున్న ఆసిఫాబాద్ షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు. తెలంగాణ శాసనసభలోని 119 స్థానాల్లో తెగలకు 12, కులాలకు 19 ఉన్నాయి. లోక్‌సభలోని 543లో తెగలకు 47. మొదట పదేళ్లకే అనుకున్న ఈ ఏర్పాటు ఇప్పుడు 2030 వరకు పొడిగించారు.

సీటు దొరికితే సరిపోతదా? కూర్చున్నాయన నోరు విప్పాలె గదా! అందుకే ప్రశ్నోత్తరాల సమయం. లోక్‌సభ మామూలుగా పొద్దున 11 గంటలకు మొదలైతది, మొదటి గంట ప్రశ్నలకే. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద సభ్యులు మళ్లీ అనుబంధ ప్రశ్నలు వేస్తరు. అసలు చిక్కు అక్కడే.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా, ప్రజాస్వామ్యం ఆదివాసులకు నేర్పేది కాదు, వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది అన్నాడు. గూడెంలో పటేల్ ముందు అందరూ కూర్చుని తేల్చుకునుడు చూసినవాళ్లకు ఆ మాట తెలుస్తది. (అక్కచెల్లెండ్లను మాత్రం వెనుకనే కూర్చోబెడతరు, అది తప్పే.)

మనకు దగ్గరి సభ గ్రామసభ. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టులకు భూమి సేకరించే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. బొగ్గు నేల మీద బతికే మనకు ఇది చిన్న సంగతి కాదు. అయితే చట్టంలో ఉన్నది సంప్రదింపు, ఒప్పుకోలు కాదు.

సెలవులకు ఊరికి పోయినప్పుడు తీర్మానాల పుస్తకం చూపెట్టమని పంచాయతీ కార్యదర్శిని అడగండి. సంతకాలు ఎవరెవరివో చదవండి.