వయసుతో పాటు మాటా ఎదగాలి

మా తెలుగు బడిలో చిన్న తరగతులు ఎప్పుడూ కిటకిటలాడుతుంటాయి. పై తరగతులకు వచ్చేసరికి కుర్చీలు ఖాళీ! పన్నెండు, పదమూడేళ్లు రాగానే సాకర్, సంగీతం, లెక్కల పోటీలు మొదలవుతాయి. "చదవడం, రాయడం వచ్చేసింది కదండీ, ఇక చాలు" అంటారు తల్లిదండ్రులు. నిజంగా చాలునా? మనిషి ఎదుగుదలలోని దశలను ఒకసారి చూసి, తరువాత జవాబు చెప్పుకుందాం.

శైశవం

తల్లి కడుపులో ఉండగానే బిడ్డ ఆమె గొంతు వింటుంది. పుట్టిన మూడు నాలుగు నెలలకు మెడ నిలుపుతుంది. తరువాత బోర్లా పడుతుంది, కూర్చుంటుంది, పాకుతుంది. ఏడాది అటూ ఇటూగా తప్పటడుగులు వేస్తుంది. ఈ మెట్లన్నిటినీ మన పెద్దలు పిండివంటలతో పండుగ చేశారు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు!

చెవి కూడా ఈ దశలోనే సిద్ధమవుతుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన పరిశోధనలో ఒక ముచ్చటైన విషయం ఉంది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని 'త', 'ట'ల తేడాను గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి వారిలో చాలామంది గుర్తుపట్టలేకపోయారు. హిందీ వినే ఇళ్లలోని పిల్లలు మాత్రం ఏడాది నిండే వేళకు కూడా గుర్తుపట్టారు. రోజూ వినే శబ్దాలకే చెవి పదునెక్కుతుందన్నమాట. ఈ రెండు అక్షరాలూ మనకూ ఉన్నాయి కదా! అందుకే ఉయ్యాలలోని బిడ్డతో తెలుగులో మాట్లాడటం వృథా కాదు.

బాల్యం

ఆరేళ్లు వచ్చేసరికి మెదడు పరిమాణంలో పెద్దవారి మెదడుకు దాదాపు 90 శాతానికి చేరుతుంది. ఎత్తు మాత్రం ఏటా సుమారు రెండు అంగుళాల చొప్పున నిదానంగా పెరుగుతుంది. కథలు, ఆటలు, అక్షరాలు నేర్చుకునే కాలమిది. మా బడిలో ఎక్కువ పాఠాలు ఈ వయసు వారికోసమే.

కౌమారం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది 10 నుంచి 19 ఏళ్ల వయసు. ఒళ్లు ఒక్కసారిగా సాగుతుంది, గొంతు మారుతుంది. ముందుచూపుకు, నిగ్రహానికి అవసరమైన మెదడు భాగం మాత్రం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. జీవితాన్ని ఎనిమిది దశలుగా వివరించిన ఎరిక్ ఎరిక్సన్, ఈ వయసు ముఖ్యమైన ప్రశ్న "నేనెవరు?" అన్నదే అన్నారు. సరిగ్గా ఆ ప్రశ్న పుట్టే వేళకే మన పిల్లలు తెలుగు మానేస్తున్నారు.

మా పూర్వ విద్యార్థి ఒకడికి పద్నాలుగేళ్లు. ఊళ్లో తాతగారు పోయారు. అమ్మమ్మతో మాట్లాడమని ఫోను చేతికిస్తే, "అమ్మమ్మా, అన్నం తిన్నావా?" అన్నాడు. ఆ తరువాత మాట రాలేదు. అమ్మమ్మకు ఆ ఒక్క మాటే చాలేమో. వాడికి మాత్రం చాలలేదు. "చెప్పాలని చాలా ఉంది, మాటలు లేవు" అని వాళ్లమ్మ దగ్గర ఏడ్చాడట. ఆ సంగతి విని మేము సిగ్గుపడ్డాం. వాడికి రంగులు, పండ్లు, జంతువుల పేర్లు నేర్పాం. బాధను, ఓదార్పును, అభిప్రాయాన్ని చెప్పే మాటలు నేర్పలేదు.

యౌవనం, నడివయసు

ముప్పై ఏళ్లలోపే ఎముకలు పూర్తి బలం సంతరించుకుంటాయి. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారతాయి, దానినే చత్వారం అంటాం. పిల్లలను పెంచడం, పెద్దలను చూసుకోవడం రెండూ మీద పడే వయసిది. మనలో చాలామందిమి ఇప్పుడు ఇక్కడే ఉన్నాం!

వార్ధక్యం

షష్టిపూర్తి దాటిన వారిలో చాలామందికి ముందుగా తగ్గేది సన్నని, కీచు శబ్దాల వినికిడి. పిల్లల గొంతులు సన్నవి, పైగా మాట వేగం! అందుకే తాతయ్య "ఆఁ? ఏమిటమ్మా?" అంటారు. అది మతిమరుపు కాదు. ఎదురుగా కూర్చుని నిదానంగా చెబితే చక్కగా అర్థం చేసుకుంటారు. వారు నేర్చిన మాటల సంపద చాలాకాలం తరగదు. అడిగితే అది మనకే దక్కుతుంది.

ఇప్పుడు జవాబు చెప్పుకుందాం. చాలదు! తప్పటడుగులు వేశాడని బిడ్డ చేయి వదిలేస్తామా? ఈ ఏడు పై తరగతిలో ప్రతి వారం పది నిమిషాలు పిల్లలు తమకు నచ్చినదీ, నచ్చనిదీ, నొచ్చుకున్నదీ తెలుగులో చెబుతున్నారు. తప్పులు వస్తే రానిద్దాం. అమ్మానాన్నలూ, ఇంట్లో మీరూ అలాగే వినండి.

చిన్నారులూ, ఇదిగో మీ ఇంటి పని!
1. మీరు మొదట పలికిన మాట ఏదో అమ్మను అడిగి రాయండి.
2. మీ వయసులో తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ దేనికి భయపడేవారో అడగండి.
3. ఈ వారం మీకు కలిగిన ఒక బాధను, ఒక సంతోషాన్ని ఐదేసి వాక్యాల్లో వారికి చెప్పండి.