సెలోపెహాదు కుమార్తెలును మన యింటి ఆస్తియు

చదువవలసిన భాగము: సంఖ్యాకాండము 27:1–11



సెలోపెహాదు అరణ్యములో చనిపోయెను. అతనికి కుమారులు లేరు; కుమార్తెలు అయిదుగురు. వారు మోషే యెదుటను పెద్దల యెదుటను నిలిచి, తండ్రి స్వాస్థ్యములో తమకు భాగమడిగిరి. మోషే తొందరపడి తీర్పు చెప్పక ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారి మాట న్యాయమైనదని దేవుడు సెలవిచ్చెను.

ఈ భాగమును మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి గాని, ఒక దినమున అది మమ్మునే గద్దించెను. ఒక యింట తండ్రి జ్ఞాపకార్థ కూడిక ముగిసిన వెంటనే కుమారులు ఒక కాగితము తెచ్చిరి. ఆస్తిలో తమకు హక్కు లేదని అక్కచెల్లెండ్రు ఒప్పుకొన్నట్లు అందులో వ్రాసియుండెను. "పెళ్లిలోనే ఇచ్చేశాము గదా అయ్యగారూ, మీరూ సాక్షి సంతకము పెట్టండి" అనిరి. చిన్న కుమార్తె కన్నీరు తుడుచుకొనుచు సంతకము చేసెను. మేమును చేసితిమి. మోషేవలె ఆగి విచారింపలేదు.

చట్టమును గూర్చి తరువాత తెలిసికొంటిమి. మన తెలుగు ప్రాంతములలోని క్రైస్తవులకు 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము వర్తించును. వీలునామా లేకుండ ఒకడు చనిపోయినయెడల, అతని ఆస్తిని మూడు వంతులు చేసి ఒక వంతు భార్యకును, రెండు వంతులు పిల్లలకును ఇయ్యవలెను. కుమారులకును కుమార్తెలకును భాగములు సమానమే. 3 ఎకరములున్న తండ్రి, భార్యను, ఇద్దరు కుమారులను, ఇద్దరు కుమార్తెలను విడిచి పోయినయెడల, తల్లికి 1 ఎకరము, ఒక్కొక్క బిడ్డకు అర ఎకరము వచ్చును. పెండ్లిలో ఇచ్చిన సొమ్మును కుమార్తె భాగములో తగ్గించుటకు వీలులేదు. తండ్రికంటె ముందు చనిపోయిన బిడ్డ భాగము ఆ బిడ్డ పిల్లలకు చెందును. భార్య చనిపోయినప్పుడు ఆమె ఆస్తిలో భర్తకును ఇట్టి వంతే కలదు.

కేరళలోని తిరువాన్కూరు క్రైస్తవులలో 1916 నాటి చట్టము వేరుగా నుండెను. కుమారుని భాగములో నాలుగవ వంతు, లేక 5,000 రూపాయలు, ఏది తక్కువైన అదియే కుమార్తెకు దొరకెడిది. మేరీ రాయ్ అను ఆమె సుప్రీం కోర్టుకు పోగా, 1986లో అక్కడివారికిని 1925 చట్టమే వర్తించునని తీర్పు కలిగెను. సెలోపెహాదు కుమార్తెలవలె ఆమెయు నిలిచి అడిగెను.

వీలునామా వ్రాసినయెడల మరణము త్వరగా వచ్చునని కొందరు భయపడుదురు. హిజ్కియా రాజు ఇల్లు చక్కబెట్టుకొనుమను వర్తమానము పొందిన తరువాత పదునైదు సంవత్సరములు బ్రదికెను. మన ప్రభువు సిలువమీద నుండియే తన తల్లిని శిష్యునికి అప్పగించెను.

వీలునామా వ్రాయుటకు ఈ సంగతులు తెలిసికొనుడి:

1. వ్రాయువారికి 18 సంవత్సరములు నిండి, మనస్సు స్థిరముగా నుండవలెను.

2. సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయవలెను. దానిని చూచిన సాక్షులు ఇద్దరైనను వారి యెదుట సంతకము చేయవలెను.

3. సాక్షికి గాని, సాక్షి భార్యకు లేక భర్తకు గాని వ్రాసినది చెల్లదు. కనుక భాగము పొందువారిని సాక్షులుగా పెట్టరాదు.

4. రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాదు గాని, చేయించుట మేలు.

5. బ్రదికియున్నంతకాలము మార్చుకొనవచ్చును. వ్రాసిన తరువాత పెండ్లి చేసికొనినయెడల తిరిగి వ్రాయవలెను.

అయితే ఒక హెచ్చరిక. తన ఆస్తిని తన యిష్టము చొప్పున వ్రాయుటకు చట్టము సెలవిచ్చుచున్నది. ఆ స్వేచ్ఛతో భార్యను దిక్కులేనిదానిగా చేయవచ్చును, కుమార్తెను కొట్టివేయవచ్చును. అక్కడ చట్టము అడ్డుపడదు. దేవుని భయమే అడ్డుపడవలెను. విధవరాండ్ర పక్షమున నిలుచు దేవుని యెదుట ఆ కాగితము చదువగలమా?

మేము ఆ యింటికి తిరిగి పోయి మా తప్పు ఒప్పుకొంటిమి. పెద్ద కుమారుడు ఏమియు పలుకలేదు. వారి కొరకు ఇంకను ప్రార్థించుచున్నాము. దుఃఖములో నున్న యింట అట్టి కాగితముమీద మరి ఎన్నడును సంతకము చేయమని తీర్మానించుకొంటిమి. సంఘ పెద్దలును ఆలాగే తీర్మానించుకొనుదురు గాక.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో ఆలోచించుడి: మేము రేపు లేనియెడల ఈ యింట తల్లి ఎవరి చేతివైపు చూచును? మా కుమార్తెలు న్యాయము పొందుదురా?

ప్రార్థన: ప్రభువా, మా చేతికిచ్చినదానిని న్యాయముగా పంచి పోవుటకు మాకు బుద్ధి దయచేయుము. ఆమేన్.