మండ్రగబ్బకు మూడు ఇంటిపేర్లు



డిగ్రీ జంతుశాస్త్ర పాఠ్యపుస్తకంలో తేలు పాఠం తెరిస్తే పాలమ్నియస్ అనే పేరు కనిపిస్తుంది. ప్రయోగశాల బీరువాలో ఫార్మాలిన్ సీసాకు అంటించిన పాత చీటీ మీద హెటిరోమెట్రస్ అని ఉంటుంది. 2020 తర్వాత అచ్చయిన శాస్త్ర గ్రంథాలలో జైగాంటోమెట్రస్ అని చదవవలసి వస్తుంది. ఇవి మూడు వేరువేరు తేళ్లని కొత్త విద్యార్థి అనుకోవడంలో తప్పేమీ లేదు గాని, ఆ మూడు పేర్ల పక్కనా స్వామర్డామీ అనే రెండవ మాట ఉన్నంతవరకు అక్కడ చెప్పబడుతున్న జంతువు ఒక్కటే. తెలుగువారు మండ్రగబ్బ అని పిలిచే నల్లని పెద్ద తేళ్లలో కెల్లా పెద్దది అదే.

శాస్త్రనామంలోని రెండు మాటలలో మొదటిది ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టరికం ఉన్న జీవుల గుంపును తెలుపుతుంది. రెండవది ఆ గుంపులోని ఒక్క జాతిని వేరుచేసి చూపుతుంది. ఇంటిపేరు ముందు రాసి, పెట్టుకున్న పేరు తర్వాత రాసే తెలుగువారికి ఈ పద్ధతి ఇట్టే బోధపడాలి. దత్తత వెళ్లిన బిడ్డకు ఇంటిపేరు మారి, పిలుపు పేరు మాత్రం నిలిచినట్టే, మండ్రగబ్బకు కూడా ప్రజాతి నామం మారుతూ వచ్చింది, స్వామర్డామీ మాత్రం నిలిచింది. 1872లో ఈ జాతిని వర్ణించిన ఫ్రెంచి పండితుడు యూజీన్ సీమోన్, కీటకాల దేహనిర్మాణాన్ని శోధించిన 17వ శతాబ్దపు డచ్చి శాస్త్రవేత్త యాన్ స్వామర్డామ్ స్మారకంగా ఆ మాటను ఎంచుకున్నాడు. తరతరాలుగా ఈ తేలును బండకింద చూస్తూ వచ్చిన పల్లె జనం పెట్టుకున్న పేరు శాస్త్రానికి ఎక్కకపోవడం కొంత వెలితే.

ఇంటిపేరు ఎందుకు మారిందో తెలియాలంటే ముందు దేహాన్ని చూడాలి. కాళ్లు నాలుగు జతలు కావడం వల్ల తేలు కీటకం కాదు. కీళ్లకాళ్ల జీవుల వర్గమైన ఆర్థ్రోపోడాలో, సాలెపురుగులు చేరిన అరాక్నిడా విభాగానికే ఇదీ చెందుతుంది. పీత డెక్కల్లా ముందుకు చాచినవి కాళ్లు కావు, పెడిపాల్పులు అనే అవయవాలు. మండ్రగబ్బలో ఇవి లావుగా, గరుకుగా, గట్టి గింజను నలపగల పట్టుకారుల్లా ఉంటాయి. అందరూ తోక అనేది కూడా నిజానికి తోక కాదు. ఉదరమే సన్నబడి ఐదు ఖండాలుగా సాగిన భాగం అది, ఐదవ ఖండం చివర మలద్వారం ఉండడమే అందుకు రుజువు. ఆ తర్వాతిదే విషపు తిత్తి, దాని కొసన కొండి. పట్టుకారులు, కొండి మినహా మిగిలిన ఒంటినే సాగదీసి కొలిచినా చేతి వెడల్పును మించే ఈ తేలు, కొండితో కలిపి కొలిస్తే 18 సెంటీమీటర్లు దాటిన సందర్భాలున్నాయి. ప్రపంచంలోని అతి పెద్ద తేళ్లలో దీనిని లెక్కిస్తారు.

అయితే వర్గీకరణ చేసేవారు పొడవును అంతగా పట్టించుకోరు. తేలును వెల్లకిలా తిప్పి, కాళ్ల మొదళ్ల నడుమ ఉండే ఉరఃఫలకం అనే చిన్న పలకను చూస్తారు. అది ఐదు మూలలుగా ఉంటే మండ్రగబ్బ చేరిన స్కార్పియోనిడే కుటుంబం వైపు, ముక్కోణంగా ఉంటే ఎర్ర తేలు చేరిన బ్యూథిడే కుటుంబం వైపు ఆలోచన సాగుతుంది. దాని వెనుకనే రెండు దువ్వెనలు కనిపిస్తాయి. పెక్టిన్లనే ఈ దువ్వెనలు తేళ్లకు తప్ప మరే జీవికీ లేవు. నడిచేటప్పుడు నేలను తడుముతూ రుచిని, వాసనను, గరుకుతనాన్ని తెలుసుకోవడానికి అవి పనికివస్తాయి, మగదానిలో వాటి పళ్లు పెద్దవిగా ఉంటాయి. ఇక పెడిపాల్పుల మీద, ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న గుంట నుంచి లేచి, గాలి కదిలినా వణికే సన్నని రోమాలు ఉంటాయి. ట్రైకోబోత్రియా అనే ఈ రోమాలు ఎక్కడెక్కడ ఎన్నెన్ని ఉన్నాయో లెక్కగట్టి, ఆ అమరికను బట్టి తేళ్ల చుట్టరికాలను నిర్ణయించే పద్ధతిని 1970లలో ఫ్రాన్సుకు చెందిన మాక్స్ వషోన్ స్థిరపరిచాడు. జంతువుకు గాలి కబురు చెప్పే వెంట్రుక పండితుడికి వంశవృక్షం చెబుతుందన్న మాట.

ఇంకొక గుర్తు చెవికి సంబంధించినది. బెదిరించినప్పుడు మండ్రగబ్బ బుస వంటి శబ్దం చేస్తుంది. అది నోటి నుంచి రాదు. పెడిపాల్పు మొదలుకూ మొదటి కాలి మొదలుకూ మధ్యనున్న గరుకు తలాలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల పుడుతుంది. తేళ్లలో ఇలాంటి ధ్వని అవయవాలున్న సంగతిని 1877లో వెల్లడించినవాడు కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ వుడ్-మేసన్.

ఇక ఇంటిపేరు మారిన తీరు చూద్దాం. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో 1900లో పోకాక్ రాసిన సంపుటం ఈ తేలును పాలమ్నియస్‌లో ఉంచింది. భారతీయ పాఠ్యపుస్తకాలు ఆ పేరును పట్టుకుని నేటికీ వదలలేదు. తర్వాతివారు అంతకన్నా పాతదైన హెటిరోమెట్రస్ అనే పేరునే అంగీకరించారు. 1983లో టికాదర్, బస్తావడే రచించగా భారత జంతుసర్వేక్షణ సంస్థ ప్రచురించిన గ్రంథంలోనూ అదే వాడుక. భారతదేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా వరకు ఉన్న నల్లని అడవి తేళ్లన్నీ అలా ఒకే గొడుగు కిందికి చేరాయి. 2020లో లొరెంజో ప్రెండిని, స్టెఫనీ లోరియా న్యూయార్కులోని అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం బులెటిన్‌లో ఈ గుంపునంతటినీ పునఃపరిశీలించి, దానిని ఏడు ప్రజాతులుగా విడదీశారు. ఆ పంపకంలో హెటిరోమెట్రస్ అనే పాత పేరు ఆగ్నేయాసియా తేళ్ల పాలబడింది. మన ద్వీపకల్పపు వాటికి కొత్త పేర్లు వచ్చాయి: ద్వీపకల్పమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి కెర్సొనెసోమెట్రస్, దక్కను నుంచి డెక్కనోమెట్రస్, సహ్యాద్రి నుంచి సహ్యాద్రిమెట్రస్. మండ్రగబ్బకూ, దానికి శ్రీలంకలో ఉన్న తోబుట్టువు టైటానికస్‌కూ కలిపి జైగాంటోమెట్రస్ ఏర్పడింది. ఇన్ని కొత్త పేర్లు గుర్తుపెట్టుకోవడం భారమే అయినా, నేల పేరు తేలుకు అంటుకోవడం వల్ల ఏది ఎక్కడిదో తెలుస్తుంది గనుక ఈ పంపకం మేలైనదే.

మండ్రగబ్బ పగలు తాను తవ్వుకున్న బొరియలోనో రాతికిందనో ఉండి, చీకటి పడ్డాక బొద్దింకలు, పేడపురుగుల వంటివాటి కోసం బయటికి వస్తుంది. ఎరను పట్టుకారులతో నలిపి చంపగలదు గనుక కొండితో దానికి పని తక్కువ. ఘనాహారాన్ని మింగలేదు గనుక, జీర్ణరసాన్ని ఎర మీదికి వదిలి కరిగిన దానిని పీల్చుకుంటుంది. అతినీలలోహిత దీపం వేస్తే చీకట్లో ఆకుపచ్చగా, నీలిగా మెరుస్తుంది. అప్పుడే కుబుసం విడిచిన తేలు మాత్రం, కొత్త పెంకు గట్టిపడేదాకా మెరవదు.

తేలు పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుడతాయనీ, తల్లి చచ్చిపోతుందనీ పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. జరిగేది అంతకంటే వింతైనది. తేళ్లన్నీ పిల్లలనే కంటాయి గాని, మండ్రగబ్బ కుటుంబంలో పిండానికి సొన దాదాపు ఉండదు. ప్రతి పిండమూ గర్భనాళం నుంచి పొడుచుకువచ్చిన ఒక ప్రత్యేకమైన సంచిలో పెరుగుతుంది, ఆ సంచి కొస తల్లి జీర్ణగ్రంథిని ఆనుకుని అక్కడి పోషకాలను తెస్తుంది, పిండం తన నోటితో దానిని పట్టుకుని తాగుతుంది. పుట్టకముందే పాలు తాగే బిడ్డ వంటిదది. ఎర్ర తేలు కుటుంబంలో ఈ ఏర్పాటు లేదు. పుట్టిన పిల్లలు, పాలిపోయిన తెల్లని ఒంటితో, ఒకదాని మీద ఒకటిగా తల్లి వీపుకెక్కి మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే ఉంటాయి. నల్లని వీపు మీద కదిలే ఆ తెల్లని ముద్దను దూరం నుంచి చూసినవారికి తల్లి ఒళ్లు చీలినట్టే తోచి ఉండవచ్చు.

ఇంత పెద్ద తేలు కుడితే నొప్పి, వాపు కలుగుతాయి గాని ప్రాణం మీదికి రావడం అరుదు. ప్రాణాంతకమైనది అందులో సగమైనా లేని, సన్నని పట్టుకారుల ఎర్ర తేలు, అంటే 1798లో ఫాబ్రీషియస్ వర్ణించిన హొటెంటోటా టామ్యులస్. దాని విషం గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది; మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రజోసిన్ అనే మందును వాడుకలోకి తెచ్చాక మరణాలు బాగా తగ్గాయి. లావు పట్టుకారులు ఉంటే విషం తక్కువ, సన్ననివైతే ఎక్కువ అనేది స్థూలమైన గుర్తు మాత్రమే. కుట్టిన తేలు ఏదైనా, మంత్రం కోసం పరుగెత్తకుండా ఆసుపత్రికి వెళ్లవలసిందే.

పాత పేర్లను పారేయకూడదనడానికి తెలుగునేల మీదనే ఒక తార్కాణం ఉంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 1960లలో పంపాపతి రావు, ఆయన శిష్యవర్గం ఒక తేలు దేహంలో పగటికీ రాత్రికీ జరిగే మార్పులను పరిశోధించి రాసిన వ్యాసాలలో దాని పేరు హెటిరోమెట్రస్ ఫుల్వైప్స్ అని ఉంది. ఆ తేలు నేటి పేరు కెర్సొనెసోమెట్రస్ ఫుల్వైప్స్. కొత్త పేరుతో మాత్రమే వెదికేవారికి ఆ కృషి దొరకదు. అందువల్ల ప్రయోగశాల సీసాలకు కొత్త చీటీ రాసేటప్పుడు పాత చీటీని గీకివేయకుండా, దాని కిందనే కొత్తది అంటించాలి.